గారు పెట్టి తిట్టే మనిషి

దొంగని పట్టుకుని, "దొంగగారూ, ఇలా దయచేయండి" అని పిలిచి, ఆ తర్వాత చెంప పగలగొట్టగల మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన అచ్చాఫీసులో టైపు చేసే ఒక అమ్మాయికి స్వయానా మేనమామ. ఆయనకి ఎంత కోపం వస్తే అంత మర్యాద పుట్టుకొస్తుంది. మామూలుగా ఉన్నప్పుడు "ఒసే, కాసిని మంచినీళ్ళు పట్రావే" అంటాడు. ఒంటికాలి మీద లేచినప్పుడు "మేనకోడలుగారు దయచేసి మంచినీళ్ళు ఇప్పిస్తారా" అంటాడు. ఆ మాట వినపడగానే ఇంట్లో వాళ్ళు ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుంటారు. ఊళ్ళో జనం ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు. "గారుగారు" అని పిలుస్తారు. రెండో గారు తగిలించకపోతే ఆయన వెనక్కి తిరిగి చూడడు.

బస్టాండు వెనక వీధిలో ఒక అచ్చాఫీసు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దడం ఆయన పని. ఆయన బల్లకి ఎదురుగా కంప్యూటర్ ముందు కూచుని టైపు చేసేది మేనకోడలు. ఆ ఊళ్ళో పార్టీలు రెండు. ఒకరిది గొడుగు గుర్తు, ఇంకొకరిది నిచ్చెన గుర్తు. అచ్చాఫీసు మాత్రం ఒకటే. పొద్దున గొడుగు వాళ్ళు నిచ్చెన వాళ్ళని తిట్టిన కరపత్రం, మధ్యాహ్నం నిచ్చెన వాళ్ళు గొడుగు వాళ్ళని తిట్టిన కరపత్రం, అదే మెషీను మీద, అదే సిరాతో బయటికొచ్చేవి. వాటన్నిటి మీదా గారుగారి ఎర్రపెన్ను నడిచేది. "ఎదుటి అభ్యర్థి పచ్చి అబద్ధాలకోరు" అని ఉంటే "ఎదుటి అభ్యర్థిగారు పచ్చి అబద్ధాలకోరు" అని దిద్దేవాడు. అబద్ధాలకోరు జోలికి పోయేవాడు కాదు. అది వాళ్ళ అభిప్రాయం. గారు తన డ్యూటీ.

"తిట్టేటప్పుడు గారు ఎందుకు మావయ్యా?" అని మేనకోడలు ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగింది.

"తిట్టేటప్పుడే కావాలి. నిన్ను ఒసే అంటాను, ఎందుకంటాను? ఎత్తుకుని పెంచాను కాబట్టి. ఒసే, ఒరే అనడానికి చనువుండాలి. ఎదుటి పార్టీ మనిషితో వీళ్ళకేం చనువుంది? ఇంటికెళ్ళి ఏనాడైనా కాఫీ తాగారా? తాగి రమ్మను. అప్పుడు ఒరే అని వేయిస్తాను."

"ఇంతకీ నువ్వు ఎవరి పక్క?"

"రోడ్ల విషయంలో గొడుగు వాళ్ళు చెప్పింది సబబు. నీళ్ళ విషయంలో నిచ్చెన వాళ్ళు చెప్పింది సబబు. నోటి విషయంలో ఇద్దరూ వెధవగార్లే."

ఈ జవాబుతో ఆయనకి దక్కిన లాభం ఏమిటంటే, గొడుగు వాళ్ళు ఆయన్ని నిచ్చెన మనిషి అనేవారు, నిచ్చెన వాళ్ళు గొడుగు మనిషి అనేవారు. మధ్యలో నిలబడ్డవాడికి వెన్నెముక ఉండదని జనానికి ఒక నమ్మకం. రెండు వైపుల నుంచీ తిట్లు తింటూ ముప్ఫై ఏళ్ళు నిలబడటానికి ఎంత వెన్నెముక కావాలో ఒక్కరూ ఆలోచించరు.

ఆయనకి కోపం ఊరికే రాలేదు. ఆ ఊళ్ళో ఒకే గోడకి అటూ ఇటూ కాపురమున్న అన్నదమ్ములు, ఒకడు గొడుగు ఒకడు నిచ్చెన అయిపోయి, పలకరించుకోవడం మానేసి ఆరేళ్ళయింది. వీధిలో వాళ్ళంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పిల్లకి జ్వరమని రాస్తే, ఏ పార్టీ డాక్టరుకి చూపించావని అడిగాడొక మహానుభావుడు. అది చూసిన రోజు గారుగారు ఫోను పక్కన పడేసి, నడిచి అతని ఇంటికి వెళ్ళి, తలుపు కొట్టి, "మహానుభావుడుగారూ, సిగ్గు అనే పదార్థం తమరి ఇంట్లో ఉందా, నన్ను ఇచ్చిపొమ్మంటారా" అని అడిగి వచ్చాడు.

ఇక ఇంట్లో టీవీ గొడవ. టీవీలో నలుగురు కూచుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునే కార్యక్రమం ఆయన రోజూ చూస్తాడు. చూడకుండా ఉండచ్చు కదా అంటే, "నేనూ చూడకపోతే వాళ్ళకి చెప్పేవాళ్ళెవరు?" అంటాడు. టీవీకి ఎదురుగా నిలబడి, వేలు చూపించి, "ఎడమ పక్క గారూ, కాస్త ఆగండి. కుడి పక్క గారు ఇంకా ముగించలేదు" అని గొంతు చించుకుంటాడు. ఆ నలుగురి అరుపులకీ ఈయనది తోడయ్యేసరికి పక్కింటి వాళ్ళు కిటికీలు మూసుకుంటారు.

"ఏమండీ, వాళ్ళని మెల్లిగా మాట్లాడమని మీరు అరవాలా?" అంటుంది అత్తయ్య.

"మెల్లిగా చెప్తే వింటారా ఈ అడ్డగాడిదగార్లు?"

మంగలి షాపులో జరిగింది మరీ విచిత్రం. మంగలి గొడుగు మనిషి. ఎడమ చెంప గీయడం అయిపోయి కుడి చెంపకి సబ్బు రాస్తూ, నిచ్చెన నాయకుణ్ణి పట్టుకుని "వాడి మొహం, వాడికేం తెలుసు" అన్నాడు. గారుగారు కుర్చీలోంచి లేచాడు. "ఆయన మొహం, ఆయనకేం తెలుసు అనండి, కూచుంటాను" అన్నాడు. మంగలికీ పౌరుషమే, అననన్నాడు. ఈయన మెళ్ళో తువ్వాలుతో, ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బునురగతో నడిరోడ్డు మీద నడుచుకుంటూ వచ్చేశాడు. దారిలో టీకొట్టాయన, నిచ్చెన మనిషి, సంతోషం పట్టలేక ఎదురొచ్చాడు. "శభాష్, ఆ గొడుగు వాడికి బాగా బుద్ధి చెప్పారు" అన్నాడు. అంతే, "మంగలిగారిని వాడు అనడానికి మీరెవరండీ" అని ఆ సబ్బునురగతోనే అరగంట పోట్లాడాడు. నురగ ఎండిపోయింది. ఆ వారమంతా ఆయన అచ్చాఫీసుకి సగం గడ్డంతోనే వచ్చాడు. నున్నటి చెంప గొడుగు వాళ్ళకి, గడ్డం చెంప నిచ్చెన వాళ్ళకి అని ఊరంతా నవ్వుకుంది.

ఇదంతా ఒక ఎత్తు, కిందటి ఎన్నికల కరపత్రం ఒక ఎత్తు. నిచ్చెన వాళ్ళు రాసిచ్చిన కాగితంలో "కాంట్రాక్టరు వాడు" అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ఆ కాంట్రాక్టరు గొడుగు అభ్యర్థి. గారుగారు కాగితం చూసి మొహం ఎర్రగా చేసుకున్నాడు. "మేనకోడలుగారూ, ఈ కాగితంలో వాడు అన్న మాట ఎక్కడ కనపడితే అక్కడ పీకేసి గారు పెట్టించండి" అని నెత్తిన నిలబడ్డాడు. ఒక్కొక్కటీ వెతికే ఓపిక ఆమెకి లేదు. కంప్యూటర్‌కి ఒక్క ఆజ్ఞ ఇచ్చింది. వాడు ఉన్నచోటల్లా గారు. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసింది. మర్నాటికి నాలుగు వేల ఇళ్ళలో ఆ కరపత్రం పడింది.

"మీ ఇంటిగారు, మీ వీధిగారు, మీ కష్టం తెలిసినగారు మన నిచ్చెన అభ్యర్థి" అని మొదలైంది అది. "కాంట్రాక్టరు గారు ప్రజలని గారుకుని వదిలేశాడు. గారుక నీళ్ళకి కూడా దిక్కు లేదు" అని ముగిసింది.

రెండు నెలలపాటు ఊళ్ళో ఎవరూ ఏ వస్తువూ వాడుకోలేదు, గారుకున్నారు. "మీ సైకిలు ఒక్కసారి గారుకుని ఇచ్చేస్తానండీ" అనేవారు. నిచ్చెన వాళ్ళు అచ్చాఫీసు మీదికి దండెత్తి వచ్చి, ఓనరు చేత దండాలు పెట్టించుకుని వెళ్ళారు. అప్పటినుంచి రెండు పార్టీల వాళ్ళకీ ఒక అలవాటు పట్టుకుంది. ఫైనల్ ప్రూఫు మీద సంతకం పెట్టే ముందు వేలు పెట్టి లైను లైనూ చూసుకునేవారు, గారు ఎక్కడైనా దూరిందా అని. మిగతాది చదివేవాళ్ళు కాదు.

ఈసారి వార్డు ఎన్నికల్లో గొడుగు తరఫున మళ్ళీ ఆ కాంట్రాక్టరే నిలబడ్డాడు. నిచ్చెన తరఫున మందులషాపాయన నిలబడ్డాడు. ఆ మందులషాపాయన కూతురు బళ్ళో డ్రాయింగు టీచరు. చిన్నప్పుడు మేనకోడలూ ఆమే ఒకే బెంచీలో కూచుని చదువుకున్నారు. ఆమె పోయిన ఏడాది అత్తవారిల్లు వదిలి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందో ఆమెకి తెలుసు, కన్నవాళ్ళకి తెలుసు, మేనకోడలికి కొంత తెలుసు. నాలుగో మనిషికి తెలియాల్సిన అవసరం లేదు.

కాంట్రాక్టరు స్వయంగా కాగితం పట్టుకొచ్చి, మేనకోడలి కుర్చీ వెనక నిలబడి టైపు చేయించాడు. మొదటి రెండు పేరాలూ మామూలు తిట్లే. మూడో పేరా దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి. "కూతురు మొగుణ్ణి వదిలేసి ఎవడి కోసం వచ్చిందో చెప్పలేని మందులషాపు వాడు, రేపు వార్డుకేం జవాబు చెప్తాడు?" అని ఉంది. కింద ఇంకా రెండు లైన్లు. అవి ఇక్కడ రాయడానికి కూడా చెయ్యి రాదు.

"ఇది నేను టైపు చెయ్యను" అంది.

ఓనరు పరిగెత్తుకొచ్చాడు. ఆమెని పక్కకి పిలిచి, "అమ్మా, వాళ్ళు రాసిచ్చిందే మనం వేస్తాం. మనం వద్దంటే పక్క ఊళ్ళో వేయించుకుంటాడు. ఆపగలమా చెప్పు?" అన్నాడు.

ఆపలేరు. అది ఆమెకీ తెలుసు. ఒళ్ళు మండిపోతుండగా టైపు చేసింది. ఒక్క ఆశ మిగిలింది. ప్రూఫు మావయ్య చేతికి వెళ్తుంది. పిల్లకి జ్వరమన్న మెసేజికే ఒకడి గుమ్మంలోకి వెళ్ళి నిలదీసిన మనిషి, ఇది చూస్తే కాంట్రాక్టరుని మెడపట్టి వీధిలోకి గెంటుతాడనుకుంది.

గారుగారు ప్రూఫు అందుకున్నాడు. పైనుంచి కిందికి చదివాడు. మూడో పేరా దగ్గర ఆయన ఎర్రపెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు. తిరిగి పైకి వచ్చి రెండో లైను మీద వేలు పెట్టాడు.

"కాంట్రాక్టరుగారూ, ఇక్కడ మందులషాపు వాడు అని ఉంది. మందులషాపు గారు అనాలి."

"అనను."

"ఏడు చోట్ల ఉంది. ఏడు చోట్లా అనాలి."

"మాస్టారూ, మీ గారు పిచ్చి నా దగ్గర కుదరదు."

"పిచ్చి అన్నా పరవాలేదు, పిచ్చిగారు అనండి."

గంటసేపు నడిచింది ఆ పోట్లాట. కనీసం మూడు గార్లైనా ఉంచమన్నాడు, ఒక్కటన్నా ఉంచమన్నాడు, బల్ల గుద్దాడు, కళ్ళజోడు తీసి పెట్టాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మెషీను ఆపి మరీ విన్నారు పనివాళ్ళు. ఆఖరికి గారుగారు పెన్ను బల్ల మీద పడేసి, "మీరే గెలిచారు. ఒక్క గారు కూడా ఉండదు. సంతకం పెట్టండి" అన్నాడు. కాంట్రాక్టరు వేలు పెట్టి మొత్తం వెతుక్కున్నాడు. గారు లేదు. గొప్పగా సంతకం గీకి, మీసం సవరించుకుంటూ వెళ్ళిపోయాడు.

మేనకోడలు ఇంక ఊరుకోలేకపోయింది.

"నీకు గారు ఒక్కటే కనపడుతుందా మావయ్యా? మూడో పేరా కనపడలేదా? ఒక ఆడపిల్లని నాలుగు వేల ఇళ్ళలోకి ఈడుస్తుంటే, నువ్వు గారు కోసం కొట్టుకుంటావా? ఏడు గార్లు పెట్టించుంటే అది మర్యాద అయిపోయేదా?"

గారుగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మేనకోడలుగారు ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి, ఇంటికి దయచేయండి" అన్నాడు. ఆ గారు విని పారిపోవాల్సిన మనిషి, ఆ రోజు ప్రింటు తీసి ఆయన ముందు ఫట్‌మని కొట్టి, చెప్పులు టపటపలాడించుకుంటూ బయటికి నడిచింది.

దారి పొడుగునా తిట్టుకుంటూనే వెళ్ళింది. కాంట్రాక్టరుని తిట్టుకుంది. ఓనరుని తిట్టుకుంది. అందరికంటే ఎక్కువ మావయ్యని తిట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు అందరికీ మర్యాద నేర్పి, ఒక మనిషి పరువు పోయే చోట చేతులు దులుపుకున్నాడే. వినడానికి సొంపుగా ఉంటే చాలు, లోపల ఏముందో ఎవడికీ పట్టదు. ఇదే కదా వీళ్ళందరి రాజకీయం అనుకుంది. ఆ కోపంలో అన్నం కూడా సయించలేదు.

మర్నాడు పొద్దున కరపత్రం తలుపు సందులోంచి లోపలికి వచ్చి పడింది. తియ్యాలంటే భయం వేసింది. తీసి, మొదటి రెండు పేరాలు వదిలేసి, మూడో పేరా చూసింది.

"బడి దగ్గర నుంచి బస్టాండు దాకా మురుగు కాలవ మీద రాతి పలకలు వేయిస్తాను. గెలిచినా ఓడినా మూడు నెలల్లో నా సొంత మనుషులతో పని పూర్తి చేయిస్తాను. ఇది మీకు నేనిస్తున్న మాట" అని ఉంది. కింద కాంట్రాక్టరు పేరు ఉంది.

మూడుసార్లు చదివింది. పరీక్షగా చూస్తే ఆ మూడు లైన్ల అక్షరాలు మిగతా వాటికంటే కాస్త బొద్దుగా, పాతకాలం వాటిలా ఉన్నాయి. తల కూడా దువ్వుకోకుండా అచ్చాఫీసుకి వెళ్ళింది. మెషీనుకి ఎక్కించే ప్లేటు తియ్యడానికి పెట్టిన ట్రేసింగ్ కాగితం వెతికి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మూడో పేరా ఉన్నచోట బ్లేడుతో శుభ్రంగా కోసి, ఇంకో ముక్క అతికించి, చుట్టూ టేపు వేసి ఉంది.

"ఒసే, దాన్ని జాగ్రత్తగా పట్టుకో, చిరిగిపోతుంది" అన్నాడు మావయ్య వెనక నుంచి. ఒసే అన్నాడు కాబట్టి కోపంలో లేడు.

"ఇది నువ్వే చేశావా?"

ఆయన సొరుగు లాగి చూపించాడు. అందులో కవర్లు. ఒక లైనువి, రెండు లైన్లవి, మూడు లైన్లవి అని కవర్ల మీద రాసి ఉంది. లోపల పాత కరపత్రాల ట్రేసింగ్ కాగితాల నుంచి కోసిన వాగ్దానాలు. లైబ్రరీకి బెంచీలు, వీధికి దీపాలు, ఆసుపత్రికి నర్సు.

"నిన్న అతికించింది ఇరవై రెండేళ్ళ కిందటిది. ఎవరూ చెయ్యలేదు కాబట్టి పాతబడలేదు" అన్నాడు.

"అయితే ఆ గంట పోట్లాట?"

"గారు కోసం నేను ఓడిపోతే వాళ్ళకి గెలిచామన్న సంబరం. ఆ సంబరంలో ఎవరూ రెండోసారి చదవరే."

"ఉత్త నాటకమా గారు?"

ఆయనకి చురుక్కుమంది. "నాటకమేమిటి, గారు నాకు నిజంగానే కావాలి. ఏడుకి ఏడూ ఇచ్చుంటే ఎంత సంతోషించేవాణ్ణో. ఇవ్వరు. ఎలాగూ ఓడిపోయే పోట్లాట, దేనికో దానికి పనికి రానీ అని."

"సంతకం పెట్టిన కాగితం మార్చడం తప్పు కాదూ?"

"తప్పే. అచ్చుతప్పులు తియ్యమని కదా నన్ను కూచోబెట్టారు. ఆ పిల్ల ఆ కాగితంలో ఉండటం కంటే పెద్ద అచ్చుతప్పు నాకు కనపడలేదు."

"ఇలా ఎంతమందిని కోసేశావు మావయ్యా?"

"అడక్కు. అందరూ రోజూ మనకి ఎదురుపడే మనుషులు. ఆ ముక్కలు ఏనాడూ దాచలేదు. గుర్తు కూడా పెట్టుకోలేదు."

ఆమెకి రాత్రంతా తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఆ మాట చెప్పబోయేంతలో కాంట్రాక్టరు కరపత్రం చేత్తో ఊపుకుంటూ లోపలికి దూసుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఆయన వెనకే కాలవ పక్క ఇళ్ళ ఆడవాళ్ళు ఓ పదిమంది వచ్చారు. వాళ్ళ ముందు డ్రాయింగు టీచరు ఉంది. బళ్ళో ఒకటో తరగతి పిల్ల ఆ కాలవలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి, పలకలు వేయించమని అర్జీలు పట్టుకుని తిరుగుతున్నది ఆమే.

"నేను రాసింది ఇది కాదు" అని అరిచాడు కాంట్రాక్టరు. "మూడో పేరా మార్చేశారు. నేను రాసింది ఇది కానే కాదు."

గారుగారు నోరు తెరవలేదు. ఆయన ఒక అరుపుకి జవాబు చెప్పకుండా ఉండటం మేనకోడలు చూడటం అదే మొదటిసారి. ఒక్క మాట బయటికొస్తే ఆయన చేసిందంతా వృథా.

డ్రాయింగు టీచరు ముందుకొచ్చింది. "మీకు థాంక్స్ చెప్దామని వచ్చానండీ" అంది. "నాన్నగారు మీ మీద నిలబడ్డ మాట నిజమే. అయినా మంచి పని ఎవరు చేసినా మంచి పనే కదా. మీరు రాసింది ఇది కాదంటున్నారు, మరి ఏం రాశారండీ?"

అచ్చాఫీసంతా ఆయన వైపు చూసింది. కాంట్రాక్టరు నోరు తెరిచాడు. ఆమె మొహం చూశాడు. వెనకున్న ఆడవాళ్ళని చూశాడు. తను రాసింది తన నోటితో, ఆ మనిషి ఎదురుగా, చదివి వినిపించాలి. నాలుగు వేల కాగితాల మీద వేయించడానికి లేని సంకోచం అప్పుడు పట్టుకుంది ఆయన్ని. మెడ దగ్గర చెమట తుడుచుకున్నాడు.

"ఇదే రాశానండీ" అన్నాడు.

"పలకలేనా?"

"అవునండీ. పలకలే."

మేనకోడలు లెక్కపెట్టుకుంది. రెండు అండీలు. నిన్న గంటసేపు మెడలు వంచినా ఒక్క గారు రాలని నోట్లోంచి వచ్చాయి. గారుగారు అప్పుడు కళ్ళజోడు సవరించుకుని, "మూడు నెలలని ఉంది కాంట్రాక్టరుగారూ. తారీఖు ఎక్కడన్నా రాసి పెట్టుకోండి" అన్నాడు. ఆడవాళ్ళు అక్కడికక్కడే తారీఖు ఖాయం చేయించారు.

అందరూ వెళ్ళిపోయాక గారుగారు సొరుగు ముందు కూచుని మూడు లైన్ల కవరు తిరగేసి దులిపాడు. ఒక్క ముక్కా రాలలేదు.

"ఒసే, ఇవి అయిపోయాయే. ఓ నాలుగు కొత్తవి టైపు చేసి పెట్టు."

ఆమె కుర్చీ దగ్గరకి లాక్కుంది. "ఏం రాయమంటావు?"

"ఈ ఊరికి ఏం కావాలో నీకు తెలీదా?"

తెలుసు. బళ్ళో ఆడపిల్లలకి తలుపు గడియ పడే బాత్రూములు అని ఒకటి కొట్టింది. చినుకులు పడితే తడవకుండా బస్టాండుకి కప్పు అని ఒకటి కొట్టింది. ఊరి చివరికి మంచినీళ్ళ పైపు అని ఇంకోటి కొట్టింది. కింద సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఏ పార్టీ పేరు పెట్టను మావయ్యా?"

"ఖాళీగా ఉంచు" అన్నాడాయన, బ్లేడు తుడుచుకుంటూ. "ముందు ఎవరు నోరు పారేసుకుంటే వాళ్ళగారిది."